ఫలము కనబడని దినములలో

ధ్యాన భాగములు: లూకా 13:6–9, అపొ. కార్యములు 15:36–40, గలతీయులకు 6:9



ప్రతి సంవత్సరము వానకాలము మొదలగునప్పటికి మన పల్లెల పిల్లలు సంచులు సర్దుకొని నక్కపల్లి రోడ్డు మీద బస్సు ఎక్కుదురు. కొందరు తునికి, కొందరు అనకాపల్లికి, ఎక్కువమంది విశాఖపట్టణమునకు పోవుదురు. వెళ్లకముందు ఆదివారమున సంఘము వారిని ముందుకు పిలిచి, పెద్దలు తలమీద చేతులుంచి ప్రార్థించి పంపుదురు. మొదటి సెలవులకు వచ్చినప్పుడు వారు ముందు చాప మీదనే కూర్చుందురు. రెండవ సంవత్సరము వెనుక గోడను ఆనుకొని కూర్చుందురు. మూడవ సంవత్సరము క్రిస్మసునాడు మాత్రము కనబడుదురు. అప్పుడు ఒక తల్లి గుడి మెట్ల దగ్గర నిలిచి, "అయ్యగారూ, మావోడు దేవుణ్ణి ఒగ్గేసినాడేటండి?" అని అడుగును. ఆ తల్లికి ఏమి జవాబు చెప్పుదుము?

మేము కొంతకాలము నెలకొక శనివారము పట్టణమునకు వెళ్లి, ఒక హాస్టలు దగ్గర విద్యార్థులతో వేదపాఠము నడిపితిమి. మొదట పదునాలుగురు వచ్చిరి. పరీక్షలు దాటునప్పటికి ముగ్గురు మిగిలిరి. ఒక శనివారము వానలో తడిసి వెళ్లగా ఒక్కడును రాలేదు. తిరుగు బస్సులో కూర్చుండి, చార్జీలకు ఎంత అయినది, ఎన్ని గంటలు పోయినవి, ఎన్ని ఆత్మలు దొరికినవి అని లెక్క వేసికొంటిమి. ఆ లెక్క చివర సున్న వచ్చెను. ఆ రాత్రి మా మనస్సులో పుట్టిన ప్రశ్ననే నేడు మీ యెదుట ఉంచుచున్నాము. ఫలము కనబడని పనిలో నిలిచియుండుట విశ్వాసమా, లేక మొండితనమా?

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. సంఘము ఇచ్చిన కానుక బీదవారి చెమట. దానిని వ్యర్థము చేయుటకు ఏ సేవకునికిని హక్కు లేదు. ప్రభువు చెప్పిన అంజూరపు చెట్టు ఉపమానములో తోట యజమానుడు అన్యాయము పలుకలేదు. మూడు సంవత్సరములు వెదకియు ఫలము దొరకలేదు గనుక, ఈ చెట్టు భూమిని ఏల చెరుపవలెనని అడిగెను. మూడు సంవత్సరములు! మన పిల్లలు డిగ్రీ చదువు కాలము కూడ సాధారణముగా అంతే గదా. తోటమాలి ఆ మాటను కాదనలేదు. ఈ సంవత్సరము కూడ ఉండనిమ్మనెను. అంతటితో ఊరకుండక, చుట్టు త్రవ్వి ఎరువు వేసెదనని చెప్పెను.

మా ప్రశ్నకు జవాబు ఇక్కడనే దొరికినది. మొండివాడు నిన్న చేసిన దానినే నేడును చేసి, చెట్టును తిట్టును. ఓర్పు గలవాడు చెట్టును విడువడు గాని, తన చేతి పనిని మార్చుకొనును. మొండివాడు తన పద్ధతిని పట్టుకొని నిలుచును, ఓర్పు గలవాడు మనిషిని పట్టుకొని నిలుచును. వానలో ఒక్కడును రాని ఆ శనివారము మేము పిల్లలను నిందించితిమి. మరునాడు వారికి పరీక్ష ఉన్నదేమో అని అడుగనే లేదు.

మన తెలుగు దేశములోనే జరిగిన సంగతి ఒకటి చెప్పెదము. రాబర్ట్ నోబుల్ అను దైవసేవకుడు 1841లో ఇంగ్లండునుండి వచ్చి మచిలీపట్టణములో దిగెను. అతనితో వచ్చిన హెన్రీ ఫాక్సు ఊరూర తిరిగి తెలుగులో సువార్త ప్రకటించగా, నోబుల్ చదువుకొను బాలురనే తన పొలముగా ఎంచుకొనెను. 1843లో కొద్దిమందితో పాఠశాల తెరిచెను. 1848లో ఫాక్సు మరణించెను. సంవత్సరముల తరబడి పాఠము చెప్పినను, ప్రార్థించినను, ఒక్క విద్యార్థియు బాప్తిస్మము పొందలేదు. తొమ్మిదవ సంవత్సరమున, అనగా 1852లో, మంచాల రత్నము, ఐనాల భూషణము అను ఇద్దరు యౌవనులు బాప్తిస్మము పొందిరి. దానితో పట్టణమంతయు కలవరపడి, తలిదండ్రులు తమ పిల్లలను బడి మాన్పించిరి. బెంచీలు దాదాపు ఖాళీ అయ్యెను. తొమ్మిదేండ్ల ఫలము బడినే కూల్చివేసినట్లు కనబడెను. అయినను నోబుల్ మరల కొద్దిమందితో మొదలుపెట్టెను. 1864 నవంబరులో ఉప్పెన వచ్చి మచిలీపట్టణ ప్రాంతమున సుమారు 30,000 మంది ప్రాణములు తీసెను. మరుసటి సంవత్సరము నోబుల్ అక్కడనే కన్నుమూసెను. ఇరువది నాలుగు సంవత్సరములలో ఒక్కసారియు స్వదేశమునకు తిరిగి వెళ్లలేదు. ఆ ఇద్దరు యౌవనులు తరువాత గురువులుగా అభిషేకము పొంది తెలుగు సంఘమునకు సేవ చేసిరి.

అయితే నిజము పూర్తిగా చెప్పవలెను. అంటరానివారని ఆ దినములలో పిలువబడిన వారి బిడ్డలను నోబుల్ తన బడిలో చేర్చుకొనలేదు. పై కులముల వారు వచ్చుట మానుదురని భయపడెను. మన సంఘములలో ఎక్కువమంది ఎవరి మనుమలమో మనకు తెలియును. కనుక ఈ మాట మనలను గుచ్చును, గుచ్చవలెను కూడ. ఒకడు ఇరువది నాలుగేండ్లు నిలిచినంత మాత్రమున అతడు చేసినదంతయు సరియైనది కాదు. ఓర్పు గొప్పది గాని, అది తప్పును ఒప్పుగా చేయలేదు. ఓర్చుకొనువాడు తన్ను తాను పరీక్షించుకొనుచునే నిలువవలెను.

మార్కు సంగతి కూడ ఆలోచించుడి. అతడు పంఫూలియలో పనిని విడిచి ఇంటికి తిరిగి వచ్చెను. మరల వెంట తీసికొనుటకు పౌలు ఒప్పుకొనలేదు, బర్నబా అతనిని విడువలేదు. ఆ వాదములో గొప్ప సేవకులిద్దరు వేరైపోయిరి. చాల ఏండ్లకు పౌలు చెరసాలనుండి వ్రాయుచు, మార్కు పరిచర్యకు ప్రయోజనకరుడని చెప్పి, వానిని వెంటబెట్టుకొని రమ్మని తిమోతిని కోరెను. దానికి ముందటి వచనములోనే దేమా లోకమును స్నేహించి వెళ్లిపోయెనని వ్రాసెను. ఒకడు తిరిగి వచ్చెను, ఒకడు వెళ్లిపోయెను. మార్కు ఎవడో, దేమా ఎవడో ముందుగా మనకు తెలియదు గనుక, ఇద్దరినిని మార్కుగానే ఎంచి ప్రేమింపవలసియున్నది.

మన వైపు తాటి టెంకెలను పాతర వేయుదుము గదా. టెంకెనుండి మొలక ముందు క్రిందికే పోవును, పైన ఆకు ఏమియు కనబడదు. త్రవ్వి తీసినచో తేగ దొరకును, కాల్చుకొని తినవచ్చును, రుచిగానే ఉండును. అయితే త్రవ్విన తేగ ఎన్నడును చెట్టు కాదు. యౌవనుల మధ్య సేవయు ఇట్టిదే. ఎంతమంది చేతులెత్తిరి, ఎంతమంది సాక్ష్యమిచ్చిరి అని ప్రతి నెల త్రవ్వి చూచుచున్నచో, నివేదికలో వ్రాయుటకు కొంత దొరకును గాని, రేపటి సంఘమునకు నీడ దొరకదు.

పట్టణములో మన పిల్లలు ఒంటరివారు కారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో స్థాపింపబడినది. 1954నుండి యు.ఇ.ఎస్.ఐ. అను విద్యార్థి సహవాసము మన దేశపు కళాశాలలలో పని చేయుచున్నది. చదువు ముగించినవారు చదువుచున్నవారికి తోడుగా నిలుచుట దానిలోని మంచి అలవాటు. అయితే పట్టణపు సహవాసము ఇంటి సంఘమునకు బదులు కానేరదు.

కనుక సంఘము మూడు పనులు చేయవలెనని మనవి చేయుచున్నాము. మొదటిది: వెళ్లిన ప్రతి బిడ్డ పేరును ఒక్కొక్క కుటుంబము తీసికొని, దినదినము ప్రార్థింపవలెను. రెండవది: ఫోను చేసినప్పుడు "గుడికి వెళ్లితివా?" అని మొదలుపెట్టవద్దు. "అన్నము తింటివా? ఫీజు కట్టితివా?" అని ముందు అడుగుడి. మూడవది: వాడు సందేహముతో వచ్చి ప్రశ్నించినప్పుడు, చదువు తలకెక్కినదని గద్దింపవద్దు. తోమా సందేహమునకు ప్రభువు తన గాయములను చూపెను గాని తలుపు చూపలేదు.

ఇక ఆ తల్లికి మా జవాబు: "అమ్మా, వాడు దేవుని విడిచెనో లేదో మేమెరుగము. దేవుడు వానిని విడువలేదని మాత్రము ఎరుగుదుము. మనమును విడువకుందము."

వచ్చు శనివారము మేము మరల బస్సు ఎక్కుచున్నాము. ఒక్కడు వచ్చినను కూర్చుందుము. ఎవడును రానియెడల ఆ హాస్టలు గోడ దగ్గర వారి పేర్లు చదివి ప్రార్థించి వచ్చెదము. మీరును ఇక్కడ మోకరించుడి. ఆమేన్.