ఎరుపు ఇంకా రాలేదు

నేను ఆక్రిలిక్ రంగులతో బొమ్మలేస్తాను. ట్యూబు నొక్కితే వచ్చే ఎరుపు ఎరుపే. కాసేపట్లో ఆరిపోతుంది, నచ్చకపోతే దానిమీద ఇంకో పూత. ప్రతి పూతకీ కన్ను అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తుంది. శ్రీకాళహస్తిలో కలంకారీ వ్రాతపని చేసేవాళ్ల దగ్గర ఈ లెక్క చెల్లదు.

వాళ్లు ముందు కోరాగుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరేస్తారు. పాలలోని కొవ్వు రంగుని పక్కకి పాకనివ్వదు. చింతబొగ్గుతో చిత్తుగీత గీశాక కలం పడతారు. కలమంటే మొన చెక్కిన వెదురుపుల్ల, కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగించిన ఉండ. ఉండ పీల్చుకున్న ద్రావకం వేళ్లతో ఎంత ఒత్తితే అంతే దిగుతుంది. ఇనపతుక్కూ బెల్లమూ నీళ్లలో రోజుల తరబడి పులిస్తే వచ్చే ఆ ద్రావకం చూడ్డానికి మురికినీళ్లే. కరక్కాయ పట్టిన బట్టకి తగిలాకే నల్లబడుతుంది.

నలుపు నయం, కంటి ముందే వస్తుంది. నన్ను ఆపేసింది ఎరుపు. ఎర్రగా రావలసినచోట వాళ్లు పూసేది పటిక నీళ్లు! తడి ఉన్నంతసేపే జాడ, ఆరితే దాదాపు ఏమీ కనపడదు. రావణుడి దట్టీ, సీత చీర అంచూ అన్నీ ఆ నీళ్లతోనే. తర్వాత పారే నీళ్లలో జాడించి, మంజిష్ఠ, సురుడు చెక్క లాంటివి వేసి గంగాళంలో మరిగిస్తారు. పటిక ఉన్నచోట ఎరుపు నిలుస్తుంది, మిగతాది ఉతుకులో పోతుంది. ఒక మూల పూయడం మరిచిపోతే ఆ సంగతి బట్ట బయటికి తీశాకే తెలుస్తుంది.

ఫలితం కనపడకుండా పని ఎలా సాగుతుంది? నమ్మకం అని చటుక్కున అనేయొచ్చు. నాకది చాలదనిపిస్తుంది. నమ్మకం మాట అటుంచి, ఇంతకుముందు వెళ్లిన దారులు చేతికి గుర్తుండాలి.

స్టూడియో అనగానే మనకి నాలుగు గోడలూ ఏకాంతమూ గుర్తొస్తాయి. వీళ్ల స్టూడియో సగం ఆరుబయటే: పొయ్యి, దండెం, నీళ్లు. మూడ్ రాలేదంటూ కూర్చునే వీల్లేదు, ఎండ కాసిందా లేదా అన్నదే ప్రశ్న. ఊరి పక్కనే ఉన్న స్వర్ణముఖి నదిలో ఏడాది పొడుగునా నీళ్లుండవు. నీళ్లు మారితే రంగు చాయా మారుతుంది. 2008లో పద్మశ్రీ అందుకున్న కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి అంతటివారికైనా ఆఖరి మాట నీళ్లదే. బొమ్మ కింద నా సంతకంలో కొళాయికి వాటా ఇమ్మంటే నేను ఒప్పుకోను (అహం, ఇంకేముంది!).

ఇది చిత్రకళ కాదు, అద్దకప్పని అని తీసిపారేసే మిత్రులున్నారు. రంగుని చూసి అప్పటికప్పుడు మనసు మార్చుకునే స్వేచ్ఛ లేనప్పుడు కళ ఎక్కడిదని వాళ్ల వాదన. ఆ స్వేచ్ఛ లేదు, నిజమే. నాకు దండిగా ఉంది, అందులో సగం దిద్దుబాట్లకే ఖర్చయిపోతోంది. పటిక పూసే మనిషికి ఆ వెసులుబాటు లేదు కనక, ఎరుపంతా ముందే తలలో ఖాయమై ఉండాలి. మనసు మార్చుకోవడమంతా ఆ మనిషి అక్కడే, కలం ముంచకముందే ముగించేశాడు. మిత్రులు చూడనిది ఆ భాగం.