జోయీ ఎవరు?

శరీరం పోయినా ఆత్మ ఉంటుందని మా కోవూరు గుడి మండపంలో పురాణ కాలక్షేపాల్లో చాలాసార్లు విన్నాను. ఆ మాట నన్ను నిజంగా పట్టుకున్నది 1994 నాటి 'బినీత్ ఎ స్టీల్ స్కై' అనే కంప్యూటర్ ఆట దగ్గర.

డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన ఆట అది. నేటి 64 బిట్ విండోస్ దాన్ని నేరుగా నడపలేదు. డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాము అయితే పాత కంప్యూటర్‌నే, సౌండ్ కార్డుతో సహా, సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ కట్టి చూపిస్తుంది. 2001లో మొదలైన స్కమ్‌వీఎం అనే ఇంకో ప్రోగ్రాము దారి వేరు. ఆటను నడిపే పాత ప్రోగ్రామును వదిలేసి, బొమ్మలూ మాటలూ సంగీతమూ ఉన్న ఫైళ్లను తానే చదువుతుంది. అంటే ఒళ్లు పూర్తిగా కొత్తది.

ఒళ్లంతా మారాక అది ఆ ఆటేనా? విచిత్రమేమిటంటే ఆట కథ కూడా ఈ ప్రశ్నే. హీరో ఫోస్టర్ తన రోబో నేస్తం జోయీ సర్క్యూట్ బోర్డును దగ్గర పెట్టుకుని ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రంలోకి మారుస్తాడు. చివరికి మనిషి రూపం దొరికాక జోయీ తన పేరే కెన్ అని మార్చుకుంటాడు. అతను జోయీయేనా?

బౌద్ధులు మారని ఆత్మ అంటూ లేదని, సాగే ప్రవాహమే ఉందని అంటారు. నా మనసు అటే మొగ్గుతుంది, అందుకు కారణం మా తెలుగు భారతం. పెన్నకు ఆవల నెల్లూరులో తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెలుగులో చెప్పాడు. ఒక్క సంస్కృత శ్లోకం మిగలకపోయినా మా అమ్మ దాన్ని భారతమనే చదివింది, భారతమనే దండం పెట్టింది. భారతాన్ని నిలబెట్టింది ఆ చదవడమేనని నేను నమ్ముతున్నాను. కెన్ గురించి మాత్రం ఇంకా తేల్చుకోలేదు.