అచ్చులో కనబడని పొరలు



మనుష్యుడు చేయు ప్రతి పనిలోను ఎవరికంటను పడని భాగమొకటి ఉండును. ఇంటికి పునాది, చొక్కాకు లోపలి కుట్టు, గడ్డివామికి నడిమి భాగము అట్టివే. కొనువాడు దానిని చూడడు, పొరుగువాడు దానినిగూర్చి అడుగడు, తనిఖీకి వచ్చినవాడు పైపైన తట్టి వెళ్లిపోవును. అట్టి భాగమునుగూర్చి మనము ఎవరికి జవాబుదారులము? తన సొమ్ముతో, తన చేతులతో, తన కొరకే చేసికొన్న వస్తువు విషయములో సహితము ఈ ప్రశ్న ఉన్నదా? ఈ నెల దీనిని ఒక చేతిపనిని ఆధారము చేసికొని ఆలోచింతము. అది పాత ఫైబరు పడవను బాగుచేసికొనుటకై ఇంటివద్దనే అచ్చుపోసి దాని భాగములను తయారుచేయు పని.

పొలము పనులలోనున్న మన చదువరులలో అనేకులకు ఇది క్రొత్తగా తోచవచ్చును. కాకినాడ మొదలు నిజాంపట్నము వరకు తీరమున నివసించువారికి మాత్రము ఇది దినదినము కనబడునదే. పూర్వము మన తీరమున కఱ్ఱ తెప్పలు, కఱ్ఱ నావలు ఉండెడివి. గాజును కరగించి సన్నని పోగులుగా లాగి, ఆ పోగులను రెజిన్ అను చిక్కని ద్రవముతో తడిపి గట్టిపరచు విద్య 1930ల తరువాత అమెరికాలో పెరిగెను. 1942లో ఒహాయో రాష్ట్రమువాడైన రే గ్రీన్ ఈ విధముగా ఒక చిన్న పడవను చేసెనని పడవల చరిత్ర తెలిసినవారు చెప్పుదురు. మన వైపున, 1979లో ఆరంభమైన ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థవారి బంగాళాఖాత కార్యక్రమము, ఇసుక ఒడ్డుకు ఎక్కగల ఫైబరు పడవలను పరీక్షించెను. 2004 డిసెంబరు 26వ తేదీని సునామీ వచ్చి పడవలను నాశనము చేసిన పిమ్మట ఫైబరు బోట్లు ఊరూర విస్తరించెను. ఆ తొందరలో కట్టబడిన వాటిలో కొన్నిటి గట్టిదనమునుగూర్చి అప్పుడే తెలిసినవారు ఆందోళనపడిరి. పైకి అన్నియు ఒకే రీతిగా మెరయుచుండెను. తేడా అంతయు లోపల నుండెను.

తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మోటారు పడవలకు వేట నిషేధము. ఆ దినములలో పడవలు ఒడ్డున బోర్లించబడును, వలలు అల్లబడును, పగిలిన భాగములు బాగుచేయబడును. ఉదాహరణకు చేపలగది మూత పగిలినదనుకొందము. పడవవాడు క్రొత్తది కొనలేక, పాతదానినుండి అచ్చు తీసి, ఆ అచ్చులో క్రొత్త మూతను పోసికొనును. ఇటుకల మూసను, బెల్లపు అచ్చును ఎరిగిన మనకు ఈ పని గ్రహించుట కష్టము కాదు.

మొదట పాత మూతను కడిగి, నున్నగా రుద్ది, మైనము పలుమారులు పూసి మెరుగుపెట్టుదురు. దానిమీద రెజిన్, గాజు మ్యాటు పొరలు వేయగా అచ్చు తయారగును. అది వంకరపోకుండునట్లు దానిని మూతకంటె మందముగా చేయుదురు. అచ్చు బాగుగా గట్టిపడిన తరువాత ఊడదీసి, దాని లోపలి ముఖమునకు మరల మైనము పూసి, దానిలో క్రొత్త మూతను పోయుదురు.

ఇక్కడ మొదటి పాఠము కలదు. అచ్చునకు మంచిచెడ్డల భేదము తెలియదు. పాత మూతమీద గోటి గీత ఉన్నయెడల అచ్చులో గీత పడును, ఆ అచ్చునుండి దిగు ప్రతి మూతమీదను అదే గీత కనబడును. అందుచేత తెలిసిన పనివాడు అచ్చు తీయకముందే మూలమును బాగుచేయును. పది మూతలు పోసిన తరువాత పదింటిని రుద్దుటకంటె ముందు ఒక్కదానిని రుద్దుట సులభము. పిల్లలు మన బోధనుండి కొంత నేర్తురుగాని, మన రూపమునుండి అచ్చు దిగుదురు. అబద్ధమాడవద్దని చెప్పుచు, అప్పులవాడు వచ్చినప్పుడు ఇంటిలో లేనని చెప్పించు తండ్రి ఏ రూపమును పోయుచున్నాడో వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవది మరింత ఆలోచింపదగినది. కఱ్ఱపనిలో అందము చివర వచ్చును. వడ్రంగి మొదట పలకలు బిగించి, కట్టు కుదిర్చి, పిమ్మట రంగు వేయును. అచ్చుపనిలో క్రమము తలక్రిందులుగా నుండును. వెలుపలికి కనబడు మెరుగుపొరను అచ్చులో అన్నిటికంటె ముందు పూయుదురు. దానిని జెల్‌కోటు అందురు. దాని మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. బలమంతయు దాని వెనుక వేయు గాజు పొరలది. చదరపు మీటరుకు 450 గ్రాముల తూకముగల మ్యాటు ఒక పొర వేసిన సుమారు 1 మిల్లీమీటరు మందము వచ్చును. ఆ మ్యాటుకు చదరపు మీటరునకు దాదాపు ఒక కిలో రెజిన్ పట్టును. ప్రతి పొరను రోలరుతో నొక్కి గాలిబుడగలు వెళ్లగొట్టవలెను. బుడగ నిలిచినచోట గాజు లేదు, రెజిన్ లేదు, అక్కడ ఉన్నది గాలియే.

అందము ముందు వచ్చుటలో ఒక శోధన ఉన్నది. నాలుగు పొరలు కావలసినచోట రెండు వేసినను, అచ్చునుండి దించిన మూత అద్దమువలె మెరయును. వెనుకవైపు రంగు పూసిన తరువాత ఎంతటివాడును చూచి కనిపెట్టలేడు. మనలో కొందరికి మంచి పేరు ముందే దొరకును. తండ్రి తాతల గౌరవమువలన, చదువువలన, సంఘములో పెద్దరికమువలన ముందు మెరుగు వచ్చును. అట్టివారు ఆ మెరుగును చూచుకొని పని ముగిసినదని అనుకొనరాదు. ముందు పేరు పొందినవాడు దాని వెనుక పొరలకు బాకీపడినవాడు.

అయితే మెరుగంతయు మోసమేనా? కాదు. జెల్‌కోటు లేనియెడల నీరు లోపలి పొరలలోనికి ఊరును, ఎండ వాటిని చెరుపును. పైపొర తన వెనుకనున్న బలమును కాపాడునప్పుడు అది సత్యమైనదే. లేని బలమును ఉన్నట్లు చూపునప్పుడే అది అబద్ధమగును. నోవహు ఓడకు లోపటను వెలుపటను కూడ కీలు పూయవలెనని ఆదికాండము 6:14లో ఆజ్ఞ కలదు. వెలుపల పూసినది చూచువారుండిరి. లోపల పూసినది మూసిన తలుపు వెనుక నున్నది. రెండును ఒకే ఆజ్ఞలోనివి.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. "పడవ నాది, మూత నాది, డబ్బు నాది. రెండు పొరలు వేసికొందునో నాలుగు వేసికొందునో నా యిష్టము" అని ఒకడు అనవచ్చును. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. అతడు ఎవరిని మోసగించలేదు, ఎవరికిని అమ్మలేదు. కాని ఆ మూతమీద ఎవరు నడుచుదురు? అల లేచినప్పుడు వల లాగుచు, అణియము నుండి అమరమునకు పరుగెత్తు కలాసీ దానిమీద కాలు మోపును. తడిసిన చీకటిలో అతడు మూతను చూడడు, దానిని నమ్మును. మెరయుచున్నది గనుక నమ్మును. ఒడ్డునకు ఎన్నో మైళ్ల దూరమున కాలు విరిగినవానికి వైద్యుడు దొరకడు.

ద్వితీయోపదేశకాండము 22:8లో క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని విధింపబడినది. ఎవడైనను పడి చనిపోయినయెడల ఆ రక్తాపరాధము ఇంటిమీదికి వచ్చునని హెచ్చరిక. ఆ యిల్లు అతనిదే, ఆ మిద్దె అతనిదే. అయినను దానిమీద నడుచు కాళ్లు అతనివి మాత్రమే కావు. స్వంతము అనునది వాడుకొను అధికారమును ఇచ్చునుగాని, నమ్మి కాలు మోపినవాని ప్రాణముపై అధికారము ఇయ్యదు. పడవ చేతులు మారును, కుమారుడు దానిని నడుపును, కూలివాడు దానిలో నిద్రించును. వస్తువు ఒకనిదైనను దానిమీది భారము అనేకులది.

పేదరికమును మరచి మాటలాడుట మంచిది కాదు. రెజిన్ ధర అధికము, నిషేధ దినములలో వేటవలన రాబడి ఉండదు. నాలుగు పొరలకు సరిపడ సరకు లేనివాడు ఏమి చేయవలెను? మేము చెప్పునది ఇది: బలహీనత పాపము కాదు, దానిని బలమని చూపుటయే కీడు. రెండు పొరల మూతను మెరుగు లేకుండ మొరటుగా ఉంచి, "దీనిమీద కాలు వేయకుడి" అని అందరికి చెప్పి, అడ్డముగా ఒక బద్ద బిగించినవాడు నమ్మకమైనవాడు. అతుకు కనబడునప్పుడు మనుష్యులు జాగ్రత్తపడుదురు. అతుకును మెరుగుతో కప్పినప్పుడు ఆ జాగ్రత్తను కూడ వారియొద్దనుండి తీసివేసిన వారమగుదుము. ఇది మూతలకు మాత్రమే కాదు. తనకు తెలియనిది తెలియదని చెప్పు వైద్యుడు, లెక్కలో లోటును లోటుగానే చదివి వినిపించు కోశాధికారి ఈ తెగలోనివారే.

సహాయకులనుగూర్చి కూడ ఒక మాట. రెజిన్ గట్టిపడుటకు హార్డనరును నూటికి 1 మొదలు 2 పాళ్లవరకు కలుపుదురు. తక్కువైన జిగటగా నిలిచిపోవును, తొందరపడి ఎక్కువ పోసిన మిక్కిలి వేడెక్కి పగుళ్లు పుట్టును. కోబాల్టు ద్రావకమును హార్డనరుతో నేరుగా కలిపిన ప్రేలుడు కలుగును. ఒకదానిని ముందు రెజినులో బాగుగా కలిపి పిమ్మట రెండవది కలుపవలెను. హార్డనరు చుక్క కంట పడిన చూపు పోవచ్చును. కాబట్టి ప్రక్కన డబ్బా పట్టుకొని నిలుచు కుఱ్ఱవానికి కళ్లజోడు, చేతికి తొడుగులు, ముఖమునకు తగిన మాస్కు, గాలి వచ్చు చోటు ఇయ్యవలెను. మూత బాగుగా చేసి కుఱ్ఱవాని కన్ను పోగొట్టినవాని పనిని మంచి పని అనజాలము.

చివరకు, పగిలినదానిని అతుకుటనుగూర్చి. పగులు సన్నగా కనబడినను పనివాడు దానిమీద మాత్రమే పూతవేసి ఊరుకొనడు. ఇరుప్రక్కల వెడల్పుగా, మందమునకు సుమారు 12 రెట్ల దూరము వాలుగా అరగదీయును. 5 మిల్లీమీటర్ల మందమునకు ఒక్కొక్క ప్రక్క 60 మిల్లీమీటర్లు. తడియు మైనమును లేకుండ చేసి, అప్పుడు పొరలు వేయును. గట్టిపడి నున్ననైన పాత ముఖమునకు క్రొత్త పొర అంటుకొనదు. అందుచేత బాగుచేయువాడు ముందు మంచిగా కనబడు భాగమును కూడ కొంత గరుకు చేయవలసి వచ్చును.

అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా వచ్చినప్పుడు, "అయినదేదో అయినది" అని పైపైన చేతులు కలిపించుట పగులుమీద పూతవంటిది. మరుసటి అలకు అది ఊడును. ఎవరు ఎంత దున్నుకొనిరో, ఎవరు ఏ మాట అనిరో విప్పి చెప్పుకొనుట బాధగా నుండును, కాని అతుకు అక్కడనే పట్టును. మార్కు 1:19లో యాకోబు యోహానులు దోనెలో వలలు బాగుచేయుచుండిరని చెప్పు గ్రీకు మాటయే, గలతీయులకు 6:1లో తప్పిపోయినవానిని సాత్వికముతో బాగుచేయుటకును వాడబడినది. వలను బాగుచేయువాడు దానిని తిట్టడు, పారవేయడు, చినుగును దాచడు. వేటకు పనికివచ్చువరకు ఓపికతో కూర్చుండును.

మనలో పడవలున్నవారు కొందరే. కాని మన పనిని నమ్మి కాలు మోపువారు అందరికి ఉన్నారు. విత్తనము అమ్మువాడు, పంతులు, వంటచేయు తల్లి, మేస్త్రి వీరందరు తమ పనిలో కనబడని పొర ఏదో తామే ఎరుగుదురు. ఈ నెలలో ఆ ఒక్క పొరను మనమే విప్పి చూచుకొందము. చాలనిచోట మరియొక పొర వేయుదము. వేయ శక్తి లేనిచోట, దానిమీద నడుచువారికి ఆ సంగతి తెలియజేయుదము.