పేరు – పిలుపు – శరణధర్మము

ఓం శ్రీ గురు బసవలింగాయ నమః



శిశువు ఈ లోకమునకు వట్టిచేతులతో వచ్చును. ఆ శిశువునకు మొదట లభించునవి రెండు: గురువు అనుగ్రహించు ఇష్టలింగము, తల్లిదండ్రులు పెట్టు పేరు. లింగమును నిత్యము అభిషేకించి, విభూతి నలది, అరచేత నుంచుకొని పూజింతుము. పేరు విషయమున అంతటి శ్రద్ధ మనకు కలదా? సాటిమనిషి పేరును మన నోట ఎట్లు పలుకుచున్నామో, అదియే మన భక్తికి గీటురాయి. నేడు ఈ విషయమును కొంత విచారింతము.

ముందుగా మన కాశీబుగ్గ, టెక్కలి, ఉద్దానము ప్రాంతముల పేర్లను చూడుడు. వంశధారా తీరమున శ్రీముఖలింగమున వెలసిన మధుకేశ్వరుని తలచి, బిడ్డకు ముఖలింగమని పేరు పెట్టుకొనుట ఈ సీమలో అనాదిగా నున్నది. మధూకమనగా ఇప్పచెట్టు. ఇప్పమ్రానియందు స్వామి ముఖము దర్శనమిచ్చెనని స్థలకథ. టెక్కలి చెంత రావివలసలో ఎండకు వానకు ఓర్చి ఆరుబయట నిలిచిన స్వామికి ఎండల మల్లికార్జునుడని పేరు. మల్లేశు, మల్లయ్య, మల్లమ్మ అని పిలిచినపుడెల్ల ఆ స్వామియు, శ్రీశైలనాథుడును స్మరణకు వత్తురు. శ్రీకూర్మము వలన కూర్మారావు, సింహాద్రి అప్పన్న వలన అప్పలస్వామి వచ్చినారు. పనిపాటలలో మునిగియున్నను, బిడ్డను పిలిచిన ప్రతిసారి దైవమును తలచినట్లు కావలెనని పెద్దల ఉద్దేశము.

ఇక తవిటయ్య, తవిటమ్మ, పెంటయ్య, పుల్లయ్య అను పేర్లు కలవు. చదువుకొన్న పిల్లలు వీనిని విని నవ్వుదురు. కాని ఆ పేర్ల వెనుక కన్నతల్లి కన్నీరున్నది. పుట్టిన బిడ్డలు వరుసగా దక్కకపోగా, తరువాత కలిగిన శిశువును పొరుగువారి చేతికిచ్చి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కొనెడివారు. అట్లు దక్కినవాడు తవిటయ్య. పెంటకుప్పపై పరుండబెట్టి తెచ్చుకొన్నవాడు పెంటయ్య. ఎంగిలి విస్తరాకుపై దొర్లించి ఎత్తుకొన్నవాడు పుల్లయ్య. విలువలేని వస్తువని తలచి మృత్యువు విడిచిపెట్టునని ఆ తల్లుల ఆశ. చీనా దేశపు పల్లెలలోను ఇట్టి భయముతోనే పసిబిడ్డను కుక్క యని ముద్దుపేరుతో పిలిచెడి ఆచారము కలదు. కావున తవిటయ్య అను పేరు హీనమైనది కాదు. అది ఒక ప్రార్థన. దానిని వెక్కిరింపుగా మార్చినది మన నాలుకయే.

పేరు పెట్టు తీరు దేశదేశమునకు వేరు. ఆఫ్రికాలోని ఘానా దేశమున అకాను జనులు పుట్టిన వారమును బట్టి పేరు పెట్టుదురు. శనివారము పుట్టినవాడు క్వామే, శుక్రవారము పుట్టినవాడు కోఫీ. మనలోను సోమయ్య, మంగమ్మ మొదలగు పేర్లు వారమును బట్టి పెట్టుట కలదు. ఐస్లాండు దేశమున ఇంటిపేర్లు అరుదు. తండ్రి పేరునకో తల్లి పేరునకో కొడుకు, కూతురు అను మాట చేర్చుకొందురు. పంజాబున గురు గోవిందసింగు 1699లో ఖాల్సాను నెలకొల్పి, దీక్ష గొన్న పురుషులందరికి సింగు అనియు, స్త్రీలకు కౌర్ అనియు ఒక్కటే బిరుదము నొసగినాడు. కులమును తెలుపు పేర్లు ప్రక్కకు తొలగవలెనని ఆయన సంకల్పము.

ఆ సంకల్పమునకు అయిదు శతాబ్దులు ముందే, 12వ శతాబ్దిలో కల్యాణ నగరమున మన శరణులు మరియొక మార్గము త్రొక్కినారు. వారు వృత్తిని దాచుకొనలేదు. మడివాళ మాచయ్య బట్టలుతుకువాడు. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. మేదర కేతయ్య బుట్టలల్లువాడు. నులియ చందయ్య త్రాళ్లు పేనువాడు. లోకము చిన్నచూపు చూచిన ఆ వృత్తినామమునే ముందుంచి, దాని చెంత అయ్య అను గౌరవపదమును నిలిపినారు. చేయు పని కాయకము, కాయకమే కైలాసము అయినపుడు ఆ పేరున సిగ్గేల? మాదార చెన్నయ్యను, డోహర కక్కయ్యను బసవేశ్వరుడు తన సొంత పెద్దలుగా, బంధువులుగా చెప్పుకొన్నాడు. మర్యాదతో పిలుచుటయందు స్వర్గమును, తూలనాడి పిలుచుటయందు నరకమును ఆయన చూపినాడు.

తమ పేరు విషయమున శరణులెట్లుండిరి? వచనము ముగించునపుడు తమ పేరును నిలుపక ఇష్టదైవమును నిలిపినారు. బసవేశ్వరునకు కూడలసంగమదేవుడు, అల్లమప్రభువునకు గుహేశ్వరుడు, అక్కమహాదేవికి చెన్నమల్లికార్జునుడు. ఇతరుల పేరునకు గౌరవము, తన పేరునకు వినయము – ఇది శరణమార్గము. బసవ శబ్దమే వృషభ శబ్దము నుండి పుట్టినది. వృషభము బరువు మోయును, దున్నును, పండిన దానిని పరులకిచ్చును. బసవయ్య, బసవమ్మ అని పేరు గలవారు ఈ అర్థమును మనసున నుంచుకొనవలెను.

బంధువులారా! మహారాష్ట్రమున సతారా జిల్లాలో కొందరు ఆడబిడ్డలకు నకుశా అని పేరు. అక్కరలేనిది అని దాని అర్థము. 2011 అక్టోబరులో అట్టి 285 మంది బాలికలకు సభచేసి క్రొత్త పేర్లు పెట్టినారు. ఆ పేరును మోయుచు బడికి పోయిన పసిమనసులు ఎంత నలిగినవో యోచింపుడు. తవిటమ్మ అను పేరు బిడ్డ బ్రతుకవలెనని కోరినది. నకుశా అను పేరు బిడ్డ రాకయున్న బాగుండునని చెప్పినది. రెండును లోకము దృష్టికి మోటుపేర్లే, కాని వాని నడుమ భూమ్యాకాశముల అంతరమున్నది.

మన యింటి వైపు చూచుకొందము. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలు కొట్టి పప్పు ఒలుచు స్త్రీల చేతులు జీడికి నల్లబడును. ఆ చేతుల కష్టమే మన పండుగ పాయసములోని పప్పు. వారిలో ఎందరి పేర్లు మనకు తెలియును? తోటలో కొబ్బరికాయలు దింపు వృద్ధుని "ఒరే" అని మన పిల్లవాడు పిలిచినపుడు మనము వారించుచున్నామా? మెడలో లింగమును ధరించి, నోట "ఒసే", "ఒరే" అని పనివారిని పిలుచుట లింగధారికి తగునా? ఎదుటివానిలోను ప్రాణలింగమున్నదని నమ్మినవాడు ఆ లింగమును తూలనాడగలడా?

కావున బిడ్డకు పేరు పెట్టునపుడు దాని అర్థమును తెలిసి పెట్టుడు. మాటలు వచ్చిన తరువాత ఆ అర్థమును, ఆ పేరుగల శరణుని చరిత్రను వానికి చెప్పుడు. ఆడబిడ్డ పేరును మగబిడ్డ పేరుతో సమానమైన ప్రేమతో పెట్టుడు. మీ వాకిట పనిచేయువారి పేరడిగి తెలిసికొని, దానికి అయ్య, అమ్మ చేర్చి పిలువుడు. ఇందుకు ధనము అక్కరలేదు, మఠమునకు ప్రయాణము అక్కరలేదు. రేపటి ఉదయము లింగపూజ ముగించి వాకిలి తీసినపుడు మొదట ఎదురగు మనిషితోనే దీనిని ఆరంభింపవచ్చును.