దేవుని ముందు దాపరికమెందుకు?

‘ప్రార్థన చేసుకుందాం’ అనగానే మనలో చాలామంది గొంతు మారిపోతుంది. అప్పటిదాకా పిల్లవాడి కాలేజీ ఫీజు గురించో, అత్తగారి ఆపరేషన్ గురించో మామూలుగా మాట్లాడిన మనిషి కళ్లు మూసుకోగానే గ్రాంథికంలోకి వెళ్లిపోతాడు. స్తోత్రాలు వరుసగా వస్తాయి. వాక్యాలు తడబడకుండా సాగుతాయి. మనసును తొలిచేస్తున్న మాట మాత్రం బయటికి రాదు. స్తుతించడం తప్పు కాదు, దేవుడు స్తుతికి అర్హుడే. కానీ గుండెలో కోపమో, భయమో, అసూయో పెట్టుకుని పెదవులతో ‘అంతా నీ చిత్తమే ప్రభువా’ అంటే ఆ ప్రార్థనలో మనం లేనట్టే. మనం లేని ప్రార్థనలో దేవుడు ఎవరికి జవాబివ్వాలి?

బైబిలు చూపించే ప్రార్థనాపరులు ఇలా ఉండరు. సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయంలో హన్నాను చూడండి. ఎఫ్రాయిము మన్యంలోని రామా నుంచి భర్త ఎల్కానాతో కలిసి ఏటా షిలోహులోని మందిరానికి వెళ్లేది. ఆమెకు పిల్లలు లేరు. సవతి పెనిన్నాకు ఉన్నారు. మందిరానికి వెళ్లినప్పుడల్లా ఆమె ఎత్తిపొడుపులు పడాల్సి వచ్చేది. ఎల్కానాకు హన్నా అంటే ప్రాణం. పదిమంది కొడుకులున్నా తన ప్రేమకు సాటిరారని నచ్చజెప్పేవాడు. మంచి మాటే, కానీ దానితో ఆమె దుఃఖం తీరలేదు. ఒక ఏడు ఆమె భోజనం ముట్టకుండా ఏడ్చింది. అందరూ తిన్నాక లేచి మందిరం దగ్గరికి వెళ్లింది.

అక్కడ ఆమె ప్రార్థన ఎలా ఉందో లేఖనం దగ్గరగా చూపిస్తుంది. పెదవులు కదులుతున్నాయి, స్వరం వినిపించడం లేదు. ఏడుపు ఆగడం లేదు. ద్వారబంధం దగ్గర ఆసనం మీద కూర్చున్న యాజకుడు ఏలీ ఆమె నోటి వంకే చూస్తున్నాడు. చూసి, తాగి వచ్చిందనుకుని గద్దించాడు. హన్నా అతనితో తగవుపడలేదు, కళ్లు తుడుచుకుని ఏమీ లేదని సర్దిచెప్పనూ లేదు. తాను మద్యం ముట్టలేదనీ, మనసు నిండా ఉన్న వేదననంతా దేవుని ముందు కుమ్మరిస్తున్నాననీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఏలీ కూడా పట్టుదలకు పోకుండా, సమాధానంతో వెళ్లమని దీవించి పంపాడు.

తర్వాత జరిగిన సంగతిని మనం గబగబా చదివేసి దాటిపోతాం. హన్నా వెళ్లి భోజనం చేసింది. ఆ పైన ఆమె ముఖంలో దిగులు కనబడలేదు. అప్పటికింకా ఆమె కొడుకు సమూయేలు కడుపున పడలేదు. పెనిన్నా అదే కుటుంబంలో ఉంది. ఇంటికి తిరిగి వెళితే అవే మాటలు పడాలి. అయినా ఆమెకు ముద్ద దిగింది. బిడ్డ రాకముందే నెమ్మది వచ్చింది. ఏళ్ల తరబడి ఒంటరిగా మోసిన భారాన్ని, అందులో ఒక్క మాట కూడా దాచకుండా, మోయగలవాడికి అప్పజెప్పింది మరి. నిజాయితీ గల ప్రార్థనకు దొరికే మొదటి జవాబు ఇదే.

అయితే ఇలా మొరపెట్టుకోవడం అవిశ్వాసం కాదా, అరణ్యంలో ఇశ్రాయేలీయులు సణిగినట్టు అవదా అని కొందరు భయపడతారు. ఆ తేడా తెలుసుకోవాల్సిందే. ద్వితీయోపదేశకాండం మొదటి అధ్యాయం చదవండి. వాళ్లు తమ గుడారాల్లో కూర్చుని, దేవుడు తమను ద్వేషించాడంటూ తమలో తాము సణిగారు. హన్నా దేవుడి దగ్గరికే వెళ్లి ఏడ్చింది. దేవుడి మీద ఫిర్యాదు పదిమందికి చెప్పుకోవడం సణుగుడు. అదే ఫిర్యాదును ఆయన దగ్గరికే తెచ్చుకోవడం విశ్వాసం. వింటాడన్న నమ్మకం లేనివాడు ఆయన దగ్గరికి వచ్చి ఏడవడు.

యోబు గ్రంథం తేల్చిన తీర్పూ ఇదే. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు దేవుడి గురించి ఎంతో భక్తిగా ఉపన్యసించారు. బూడిదలో కూర్చున్న యోబు మాత్రం తాను పుట్టిన దినాన్ని శపించాడు, తనతో నేరుగా మాట్లాడమని దేవుణ్ణే నిలదీశాడు. దేవుడు సుడిగాలిలోంచి యోబును కూడా గట్టిగానే ప్రశ్నించాడు. కానీ చివరికి తన గురించి యుక్తంగా మాట్లాడింది యోబే అని తేల్చి, ఆ ముగ్గురి మీద కోపపడ్డాడు. వాళ్ల కోసం ప్రార్థించాల్సిన పని కూడా యోబుకే అప్పగించాడు.

కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో స్తుతులతో పాటు ఎన్నో మొరలున్నాయి. 88వ కీర్తన అయితే ఒక్క ఆశాకిరణమైనా లేకుండా చీకటి మాటతోనే ముగుస్తుంది. దాన్ని ఎవరూ గ్రంథంలోంచి తీసేయలేదు. అలాంటి రాత్రులు విశ్వాసికీ వస్తాయని, ఆ రాత్రి కూడా ప్రార్థించవచ్చని చెప్పడానికే దాన్ని మనకు మిగిల్చారు.

ప్రభువైన యేసు గెత్సేమనేలో ఏం చేశాడు? తన ప్రాణం మరణమయ్యేంతగా దుఃఖంలో మునిగిందని శిష్యులతో చెప్పుకున్నాడు. సాగిలపడి, వీలైతే ఆ గిన్నెను తననుంచి తొలగించమని తండ్రిని అడిగాడు. ఆ తర్వాతే, తన ఇష్టం కాదు తండ్రి చిత్తమే నెరవేరాలన్నాడు. ఈ వరుస మనం మరిచిపోతున్నాం. ముందు కోరిక చెప్పుకున్నాడు, తర్వాత లోబడ్డాడు. మనం మొదటి సగాన్ని మింగేసి రెండో సగాన్ని అప్పజెబుతాం. అడగాలనుకున్నది అడగకుండా లోబడ్డామనుకుంటే, ఆ కోరిక లోపలే ఉండిపోయి చేదుగా మారుతుంది.

బాధనే కాదు, పాపాన్నీ ఇలాగే ఒప్పుకోవాలి. ఉత్తర ఆఫ్రికాకు చెందిన అగస్టీన్ తన ‘కన్ఫెషన్స్’లో ఒక సంగతి దాచకుండా రాశాడు. యౌవనంలో తనకు పవిత్రత ఇమ్మని దేవుణ్ణి వేడుకుంటూనే, అప్పుడే వద్దని కూడా వేడుకున్నాడట. దేవుడు ఎక్కడ వెంటనే వినేస్తాడోనని భయపడ్డాడట. అర్ధమనసుతో చేసిన ఆ ప్రార్థనను దేవుడు తోసిపుచ్చలేదు. 387లో మిలాన్‌లో బాప్తిస్మం పొందిన ఆయనే తర్వాత సంఘానికి గొప్ప బోధకుడయ్యాడు. పాపాన్ని విడిచిపెట్టాలని ఇంకా పూర్తిగా అనిపించకపోతే, అదే దేవుడికి చెప్పాలి. మారాలన్న మనసునే ఇమ్మని అడగాలి.

సంఘంగా మనకూ ఇందులో ఒక బాధ్యత ఉంది. కూడికలో ఒక సహోదరి వెక్కివెక్కి ఏడుస్తుంటే ‘విశ్వాసం ఉంచమ్మా, ఏడవకూడదు’ అని ఆపేయకండి. ఆమె విశ్వాసంతోనే ఏడుస్తోంది. జవాబు వచ్చినవారి సాక్ష్యాలకే కాదు, జవాబు ఇంకా రానివారి కన్నీళ్లకూ మందిరంలో చోటుండాలి. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలు అదే. ఏలీలా తొందరపడి తప్పుగా తీర్పు తీర్చినా, ఏలీలాగే వెంటనే దీవెన వైపు తిరగడం నేర్చుకుందాం.

మన తండ్రికి అడగకముందే మన అవసరాలు తెలుసని ప్రభువే చెప్పాడు. కాబట్టి దాచడం వల్ల ఆయనకు తెలియకుండా పోయేది ఏమీ లేదు, ఆయన ఓదార్పును మనమే దూరం చేసుకుంటాం. ఈ రోజు తలుపు వేసుకుని, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే ఆయనతో మాట్లాడండి. కోపంగా ఉంటే కోపమని, అలసిపోతే అలసిపోయానని, ప్రార్థించాలని లేకపోతే ఆ మాటే ముందు చెప్పండి. మన తండ్రి అబద్ధపు స్తుతి కంటే నిజమైన ఏడుపునే ఇష్టంగా వింటాడు.