తాగుడు మానిన చేతిలో సిగరెట్టు

మీ ఇంటివారొకరు తాగుడు మానే చికిత్సలో ఉన్నారనుకోండి. "పాపం, అంత పెద్ద వ్యసనం వదులుకుంటున్నాడు, సిగరెట్టయినా ఉండనివ్వండి" అంటాము. ఇది నిజంగా కనికరమేనా?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 1972-83 మధ్య ఇలాంటి చికిత్స పొందిన 845 మంది గతిని వైద్యులు పరిశీలించి, 1996లో వెల్లడించారు. మరణించినవారిలో సగం మందిని పొగాకు జబ్బులే బలిగొన్నాయి. మద్యం వల్ల పోయినవారు మూడో వంతు మాత్రమే! ఆల్కహాలిక్స్ అనానిమస్ స్థాపకులలో ఒకరైన బిల్ విల్సన్ 1934లో తాగుడు మానారు. పొగ మాత్రం ఎన్నో ఏళ్లు మానలేదు. 1971లో ఊపిరితిత్తుల జబ్బుతో కన్నుమూశారు.

రెండూ ఒకేసారి మాన్పిస్తే తాగుడు తిరగబెడుతుందని మన భయం. కాని పలు పరిశోధనలను కలిపి చూసిన 2004 నాటి సమీక్షలో, పొగ మానడానికి సాయం అందుకున్నవారే మద్యానికి, మత్తుమందులకు ఎక్కువగా దూరంగా నిలిచారని తేలింది. నికోటిన్ గమ్, మందులు, వైద్యుని సలహా అందుబాటులో ఉన్నాయి.

బలవంతపెట్టమని కాదు. అడగండి, దారి చూపండి, నిర్ణయం అతనికే వదలండి. "వీడికి ఇంతే చాలు" అని మనమే తీర్మానించడం దయ కాదు. అతనిపై ఆశ వదులుకోవడమే.