పట్టి వదిలేస్తే సరిపోతుందా?



ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. చేపను చంపలేదు, కూర వండలేదు, అమ్ముకోలేదు. గేలం వేసి పట్టారు, చేతుల్లో ఎత్తి ఫొటో దిగారు, మళ్లీ నీళ్లలో వదిలేశారు. చేప ఈదుకుంటూ వెళ్లిపోయింది. ఇందులో తప్పేమైనా ఉందా?

ఇది ఊసుపోక వేసిన ప్రశ్న కాదు. మన గోవాడ, చోడవరం చుట్టుపక్కల శారద ఉంది, పెద్దేరు, బొడ్డేరు ఉన్నాయి. కాస్త దూరంలో రైవాడ, కోనాం జలాశయాలున్నాయి. ఊరూరా చెరువులున్నాయి. గేలం మనకు కొత్త కాదు. కొత్తగా వచ్చింది ఫోను. పెద్ద బొచ్చె పడితే దాన్ని ఎత్తిపట్టుకుని వీడియో తీయాలి, పదిమందికి చూపించాలి. మన పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ వెళ్లిన అమెరికా, కెనడాల్లో అయితే ఇది పెద్ద క్రీడ. అక్కడ సాల్మన్ అనే చేపను పట్టి, ఫొటో తీసుకుని వదిలిపెడతారు. ఎంత పెద్ద చేప పడితే అంత గొప్ప.

ఆ సాల్మన్ బతుకు ఏమిటో ముందు చూడండి. అది ఏట్లో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ పుట్టిన ఏటికే ఎదురీది వస్తుంది. నదిలోకి వచ్చాక దాదాపు మేత మానేస్తుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి దారి బత్తెం. పసిఫిక్ సాల్మన్ అయితే గుడ్లు పెట్టాక చనిపోతుంది. అంటే ఆ ప్రయాణం దాని జీవితంలో ఒక్కసారే. మధ్యదారిలో గేలానికి తగులుకుని పావుగంట పెనుగులాడిందంటే, గుడ్ల కోసం దాచుకున్న సత్తువలోంచే ఖర్చు పెడుతోందన్నమాట.

అందుకే అక్కడ నియమాలు పెట్టారు. వాషింగ్టన్ రాష్ట్రంలో హేచరీల్లో పెంచి వదిలే సాల్మన్‌కు వీపు మీద, తోక దగ్గర ఉండే చిన్న రెక్కను ముందే కత్తిరిస్తారు. ఆ రెక్క ఉంటే సహజంగా పుట్టిన చేపని గుర్తు. చాలాచోట్ల దాన్ని వదిలెయ్యాల్సిందే. అలా వదలవలసిన సాల్మన్‌ను నదిలో పట్టినప్పుడు నీళ్లలోంచి పూర్తిగా పైకి ఎత్తకూడదు కూడా.

ఎందుకు ఎత్తకూడదు? చేప మొప్పల్లో పల్చని పొరలుంటాయి. నీళ్లలో అవి విడివిడిగా ఆడుతూ ప్రాణవాయువును అందుకుంటాయి. గాలిలోకి రాగానే ఒకదానికొకటి అంటుకుపోతాయి. పరుగెత్తి పరుగెత్తి ఆయాసపడుతున్న మనిషి ముక్కూ నోరూ మూసేస్తే ఎలా ఉంటుందో, పెనుగులాడి అలిసిన చేపను ఫొటో కోసం పైకెత్తితే అలా ఉంటుంది. చేప ఒంటి మీద జిగురు దానికి రోగాలు అంటకుండా కాపాడే కవచం. పొడి చేత్తో, తువ్వాలుతో పట్టుకుంటే అది ఊడిపోతుంది. పెద్ద చేప బరువును ఎప్పుడూ నీరే మోస్తుంది. దవడ పట్టి నిలువుగా వేలాడదీస్తే ఆ బరువంతా దవడ మీదా వెన్ను మీదా పడుతుంది. ఈదుకుంటూ వెళ్లిపోయిన చేప బతికినట్టేనని మనం అనుకుంటాం. గంటల తర్వాతో మర్నాడో అది ఎక్కడ తేలిందో చూసేవాళ్లెవరు?

"చేపకు నొప్పేటండీ, దానికేటి తెలుస్తాది?" అని తేలిగ్గా తీసిపడేసేవాళ్లున్నారు. 2003లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ట్రౌట్ చేపల మీద పరీక్ష చేశారు. తల మీద, నోటి చుట్టూ గాయాన్ని గుర్తించే నరాలు ఉన్నాయని కనిపెట్టారు. పెదవిలోకి ఆమ్లం ఎక్కిస్తే ఆ చేపలు మేత మానేశాయి, పెదవులను అడుగునున్న గులకరాళ్లకేసి రుద్దుకున్నాయి. గేలం గుచ్చుకునేది సరిగ్గా ఆ పెదవికే కదా!

ఇక ధమ్మం వైపు వద్దాం. ఉదాన గ్రంథంలో ఒక చిన్న సంఘటన ఉంది. శ్రావస్తికీ జేతవనానికీ మధ్య దారిలో కొందరు పిల్లలు చేపలు పడుతుంటారు. బుద్ధుడు వాళ్లను తిట్టలేదు, నరకం ఉందని భయపెట్టలేదు. మీకు నొప్పంటే భయమేనా, అది మీకు ఇష్టం లేనిదేనా అని అడిగాడు. అవునన్నారు పిల్లలు. అయితే చెడ్డ పని చేయకండని బోధించాడు. చేపలు ఎన్ని చచ్చాయో ఆయన లెక్క అడగలేదు. నొప్పి గురించే అడిగాడు.

ఇక్కడ ఒక తెలివైన వాదం వస్తుంది. "మొదటి శీలం ప్రాణం తీయవద్దంటుంది. నేను తీయలేదు. చేతనే కర్మ అన్నాడు బుద్ధుడు. చంపాలనే చేతన నాకు లేదు." అక్షరాల లెక్కన చూస్తే నిజమే. చేప బతికితే ప్రాణాతిపాతం పూర్తి కాలేదు. కానీ చేతన గురించే మాట్లాడదాం రండి. గేలం విసిరినప్పుడు మనసులో ఉన్నదేమిటి? దారం బిగుసుకున్నప్పుడు వచ్చిన సంతోషం దేని వల్ల? అవతల ఒక ప్రాణి బతుకు కోసం గుంజుకుంటోంది. ఆ గుంజుడే ఇవతల మనకు ఆట. చంపే చేతన లేకపోవచ్చు, ఇంకొకరి భయాన్ని వినోదంగా అనుభవించే చేతన మాత్రం ఉంది.

1957లో వెలువడిన బుద్ధుడు, ఆయన ధమ్మం అనే గ్రంథంలో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ చిక్కుముడిని విప్పారు. అహింసను బుద్ధుడు గుడ్డి నియమంగా కాక సూత్రంగా బోధించాడని, చంపవలసిన అవసరం వేరు, చంపాలన్న కోరిక వేరని ఆయన వివరించారు. ఈ కొలత పట్టుకుని చూస్తే బొమ్మ తలకిందులవుతుంది. పొద్దున్నే పడవేసుకుని సంద్రంలోకి పోయే మత్స్యకారుడు చేపల్ని చంపుతాడు. సరదాకు గేలం వేసే పెద్దమనిషి ఒక్కదాన్నీ చంపడు. కానీ మొదటివాడికి పిల్లల ఆకలి అనే అవసరం ఉంది. రెండోవాడికి కోరిక తప్ప ఏమీ లేదు. మాంసం అమ్మే వ్యాపారం ఉపాసకుడికి తగదని బుద్ధుడు చెప్పిన మాట నిజమే, దాన్ని దాచను. అయినా జాలరి బతుకును నీచమని, పెద్దమనిషి సరదాను దయ అని అనడం ధమ్మం కాదు. అది మనకు బాగా తెలిసిన పాత కుల బుద్ధే.

నిజమైన విడుదల ఎలా ఉంటుందో మన తీరమే చూపించింది. 2021 డిసెంబరులో తంతడి తీరంలో, అప్పటికి అది విశాఖ జిల్లా, మత్స్యకారుల వలలో తిమింగల సొర చిక్కింది. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప అది. అంత దేహమూ నీళ్లలోని సన్నని జీవులను వడగట్టుకుని తిని బతుకుతుంది. 2001 నుంచి మన దేశంలో దానికి చట్టరక్షణ ఉంది. అటవీ శాఖ వాళ్లు, వన్యప్రాణి సంరక్షకులు, మత్స్యకారులు కలిసి దాన్ని తిరిగి లోతు నీటిలోకి చేర్చారు.

ఈ విడుదలకీ ఆ ఫొటో విడుదలకీ తేడా గమనించండి. ఇక్కడ ఎవరూ దాన్ని సరదాకు పట్టలేదు. తెలియక చిక్కింది, తెలిసి వదిలారు. అంత పెద్ద ప్రాణి వలలో పడిందంటే వలకు నష్టం, ఆ రోజు వేటకు నష్టం. గుజరాత్ తీరంలోనూ ఇదే జరిగింది. 2004 నుంచి సాగిన ప్రచారంతో అక్కడి మత్స్యకారులు తమ వలలు కోసి మరీ వందల తిమింగల సొరలను వదిలిపెట్టారు. కోసిన వలలకు ప్రభుత్వం పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టారు. పరిహారం ఇవ్వడం సరైన పనే. దయ చూపమని చెప్పేవాళ్లం మనమై, దాని ఖర్చు పేదవాడి నెత్తిన వేస్తే ఎలా? "మా వల సంగతేటి బాబూ?" అని జాలరి అడిగితే సమాధానం ఉండాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోవడానికి సంద్రాన్ని వదిలిపెట్టే కాలం అది. ఆ వదలడమూ వాళ్ల కూటిలోంచే పోతుంది.

దానం అంటే తన దగ్గరున్నది ఇవ్వడం. వల కోసుకున్నవాడు తన సొంతాన్ని ఇచ్చాడు. సరదా గేలగాడు చేప స్వేచ్ఛను తనే లాక్కుని, తనే తిరిగిచ్చి, దాతనని అనుకుంటున్నాడు. జేబు కొట్టి పర్సు తిరిగిస్తే దానమవుతుందా?

బౌద్ధుల్లోనూ ఈ పొరపాటు జరుగుతోంది. చైనా, తైవాన్, థాయ్‌లాండ్‌లలో పుణ్యం కోసం పక్షుల్ని, చేపల్ని కొని వదిలే ఆచారం ఉంది. ఆపదలో ఉన్న ప్రాణిని కాపాడాలని మొదలైన మంచి పని అది. కొనేవాళ్లున్నారు గనుక, వదలడానికే పట్టి తెచ్చే వ్యాపారం పుట్టింది. పంజరాల్లో, తొట్టెల్లో కొన్ని ముందే చస్తాయి. కనుక వదలడం ఒక్కటే చూస్తే చాలదు. పట్టింది ఎందుకో కూడా చూడాలి.

అలాగని జాగ్రత్తలు పనికిరానివని నేననడం లేదు. మీరు తినడానికే గేలం వేసినా చిన్న పిల్లో, గుడ్లతో ఉన్న తల్లో తగులుకోవచ్చు. అప్పుడు వదలడం మీ బాధ్యత, సరిగా వదలడం ఇంకా పెద్ద బాధ్యత. కొక్కెం వెనక్కి తిరిగిన ముల్లును ముందే నొక్కేస్తే సులువుగా ఊడివస్తుంది. అలిసిపోయేదాకా ఆడించకుండా త్వరగా దగ్గరికి లాగండి. చేతులు తడుపుకుని, నీళ్లలో ఉంచే కొక్కెం తీయండి. మొప్పల్లో వేలు పెట్టకండి. కొక్కెం లోపలికి మింగేసి ఉంటే లాగవద్దు, దారాన్ని దగ్గరగా కత్తిరించండి. ఏరైతే తలను వాలుకు ఎదురుగా ఉంచి, తనంతట తాను కదిలేదాకా కింద చెయ్యి ఆన్చండి. మండుటెండలో నీరు వేడెక్కి ప్రాణవాయువు తగ్గుతుంది, ఆ వేళ గేలమే వద్దు.

కానీ ఈ జాగ్రత్తలన్నీ నేర్చుకుని, ఇక సరదాకు పట్టొచ్చని మాత్రం అనుకోకండి. జాగ్రత్త దెబ్బను తగ్గిస్తుంది, దెబ్బకు కారణం చెప్పదు. జంతువును బాధించడానికి తగిన కారణం ఉండాలని జర్మనీ చట్టం అడుగుతుంది. వదిలేసే ఉద్దేశంతో చేపలు పట్టడాన్ని 2008 నాటి నిబంధనల్లో స్విట్జర్లాండ్ నిషేధించింది. చట్టం అడిగినా అడగకపోయినా ఉపాసకుడు తనను తాను అడగాలి: నాకిది అవసరమా, కోరికా?

మన పిల్లలకు చెరువుగట్టును దూరం చేయమని కాదు. చేపలు చూడనివ్వండి. పొద్దుటిపూట నీటి మీద బొచ్చె ఎగిరితే కేరింతలు కొట్టనివ్వండి. మరమరాలు చల్లితే గుంపుగా పైకొచ్చే చేపపిల్లల్ని లెక్కపెట్టనివ్వండి. ఫొటో కావాలంటే అప్పుడే తీసుకోవచ్చు. గేలం అడిగిన పిల్లాడిని కసరకండి. శ్రావస్తి దారిలో ఆ పిల్లల్ని అడిగిన ప్రశ్ననే వాడినీ అడగండి. జవాబు వాడే చెబుతాడు.